ఒకే బల్లయొద్దకు పిలిచిన తల్లి: సారా జోసెఫా హేల్ జీవితము

గుజరాతు రాష్ట్రములోని సూరతు నగరమునకు దక్షిణపు ప్రక్కను ఉధ్నా అను ప్రాంతమున్నది. రాత్రింబగళ్లు మరమగ్గముల చప్పుడు ఆగని చోటది. వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ సీమలనుండి నేతపని వెదకికొనుచు వచ్చిన తెలుగు కుటుంబములు అనేకము అక్కడను, చేరువనున్న లింబాయతు మొదలగు పేటలలోను కాపురముండుట చదువరులలో పలువురెఱిగినదే. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున కూడ పాఠశాలలు నడుపుచున్నదనిన మనవారు అక్కడ ఎంతగా నాటుకొనిరో ఊహించుకొనవచ్చును. వారిలో ప్రభువు నెఱిగిన కుటుంబములును కలవు.

మన పల్లె సంఘములలో కోతపండుగ వచ్చెననిన ఆలయము నిండిపోవును. వరి వెన్నులు, గుమ్మడికాయలు, క్రొత్త బియ్యము, గ్రుడ్లు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒక్కొక్కప్పుడు మేకపిల్లయు దేవుని సన్నిధికి తేబడును. ఆరాధన ముగిసిన పిమ్మట వాటిని వేలము వేయుదురు. ఒక్క సొరకాయకు నలుగురు పోటీపడి పాడుటయు, పాస్టరుగారు నవ్వు నాపుకొనలేకపోవుటయు మనము చూడని సంగతులు కావు. అయితే ఉధ్నాలో పొలమెక్కడిది? అక్కడి యొక ఆదివార బడిలో బోధించు సోదరి యొకరు, కృతజ్ఞతార్పణ పండుగనాడు పిల్లలకు చెప్పదగిన కథ యొకటి కావలెనని అడిగిరి. అడుగుచు ఇంకొక మాటయు చెప్పిరి. తన బడిలోని పిల్లలలో చాలమందికి అక్కయో తమ్ముడో స్వగ్రామమున అమ్మమ్మ తాతయ్యల యొద్దనే పెరుగుచున్నారట. నవజీవన్ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి వరంగల్లులో దిగిన ఆ కొలది దినములు మాత్రమే వారు ఒకరినొకరు చూచుకొందురట. ఇంట పంట లేదు, ఇంటివారందరు ఒకచోట లేరు. అట్టి పిల్లలకు కృతజ్ఞతాస్తుతిని గూర్చి ఏ కథ చెప్పవలెను?

ఆ సోదరికి నేను చెప్పిన కథ ఒక విధవరాలిది. ఆమె పేరు తెలియకపోయినను, ఆమె వ్రాసిన గీతము తెలియని బడిపిల్లలు మన దేశమున అరుదు. మేరీ యను బాలిక వెంట తెల్లని గొఱ్ఱెపిల్ల బడికి పోవుటను గూర్చిన ఆంగ్లగీతము ఆమెదే. అమెరికా దేశమంతయు ఏటేట ఒక దినమున దేవునికి కృతజ్ఞతలు చెల్లించుటకు కారకురాలును ఆమెయే. ఆమె సారా జోసెఫా హేల్.

1788వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన, న్యూ హాంప్‌షైరు రాష్ట్రములోని న్యూపోర్టు గ్రామమున, సారా జన్మించెను. తండ్రి గోర్డన్ బ్యూయెల్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధమున పోరాడినవాడు. తల్లి మార్తా తన పిల్లలకు ఇంటనే చదువు చెప్పెను. ఆ కాలమున ఆడపిల్లలకు కళాశాల ద్వారములు మూయబడియుండెను. ఆ యింట పుస్తకములు కొద్దిగనే యుండినను, పరిశుద్ధ గ్రంథమును, మన యిండ్లలోను కనబడు యాత్రికుని ప్రయాణమును ఆమెకు బాల్యమునుండియే పరిచితములు. అన్న హొరేషియో డార్ట్‌మత్ కళాశాలలో చేరిన తరువాత సెలవులకు వచ్చినప్పుడెల్ల, తాను నేర్చినది చెల్లెలికి నేర్పెను. ఒక్కరి రుసుముతో ఇద్దరు చదివిరనవచ్చును. పదునెనిమిదేండ్ల ప్రాయమున సారా గ్రామపు బడిలో ఉపాధ్యాయురాలాయెను.

ఆ ప్రాంతపు పిల్లలకు సంవత్సరమంతటిలో గొప్ప పండుగ క్రిస్మసు కాదు. ప్యూరిటనుల సంతతివారు క్రిస్మసును అంతగా ఆచరింపకుండిరి. కోతలు ముగిసి చలి ముదురుచున్న దినములలో గవర్నరు ప్రకటించు కృతజ్ఞతా దినమే వారికి పెద్ద పండుగ. ఉదయమున ఆలయమునకు పోవుట, తరువాత దూరమున నున్న బంధువులందరు తాతగారి యింట చేరి భోజనము చేయుట, ఇదే దాని ఆచారము. టర్కీ కోడి, గుమ్మడికాయ గుజ్జుతో కాల్చిన పిండివంట, ఆపిలు పండ్లు, ఇవి దాని వంటలు.

ఈ పండుగను గూర్చిన పిల్లల కథలన్నియు సాధారణముగా 1621వ సంవత్సరముతో ప్రారంభమగును. 1620లో మేఫ్లవరు ఓడలో 102 మంది ప్రయాణికులు పోయిరి. ప్లిమత్ నందలి మొదటి చలికాలమున వారిలో సగముమంది మరణించిరి. మరుసటి యేడు పంట చేతికి వచ్చినప్పుడు మిగిలినవారు విందు చేసికొనిరి. వాంపనోవాగు జాతి నాయకుడైన మాససోయిటు, అతని మనుష్యులు తొంబదిమంది ఆ విందున మూడు దినములుండిరి. వలసవచ్చినవారికి జొన్నవంటి ఆ దేశపు మొక్కజొన్న నాటుట నేర్పినవాడు టిస్క్వాంటం అను దేశీయుడు. పిల్లల కథలు ఇంతవరకు చెప్పి ఊరకుండును. కాని అతనిని అంతకు ముందు ఆంగ్ల ఓడవారే ఎత్తుకొనిపోయి స్పెయిను దేశమున అమ్మజూచిరనియు, అతడు ఎట్లో తప్పించుకొని 1619లో తిరిగివచ్చునప్పటికి అతని గ్రామమంతయు వ్యాధిచే నిర్జనమై యుండెననియు చెప్పుట అరుదు. ఆ జాతివారి సంతతి 1970 మొదలుకొని కృతజ్ఞతా దినమునే ప్లిమత్‌లో దుఃఖదినముగా ఆచరించుచున్నారు. మనము మన పిల్లలకు ఆ కథ చెప్పునప్పుడు టిస్క్వాంటము దుఃఖమును దాచిపెట్టుట తగదని నా తలంపు. పిల్లలు మనము తలంచునంత సుకుమారులు కారు.

ఇక సారా కథకు వత్తము. 1813లో ఆమె డేవిడ్ హేల్ అను యువ న్యాయవాదిని వివాహమాడెను. ప్రతి రాత్రి ఎనిమిది గంటలు మొదలు పదివరకు దంపతులిద్దరు కలిసి చదువుకొనుట వారి నియమము. ఫ్రెంచి భాష, వృక్షశాస్త్రము, భూగర్భశాస్త్రము, ఇట్లు చదువు సాగెను. ఒకప్పుడు ఆమెకు క్షయ సోకినట్లు కనబడి, బ్రదుకుట కష్టమని తోచినప్పుడు, డేవిడ్ ఆమెను చిన్న గుఱ్ఱపుబండిలో ఎక్కించుకొని ఆఱు వారములు కొండల మధ్య త్రిప్పెను. త్రోవలో విరివిగా దొరకు ద్రాక్షపండ్లు తినిపించెను. ఆమె స్వస్థురాలై యింటికి వచ్చెను. అటుపిమ్మట ఆమె తొంబదియేండ్లు నిండువరకు జీవించునని అప్పుడెవ్వరును అనుకొని యుండరు.

కాని ఆమెను బ్రదికించినవాడే ముందుగా వెళ్లిపోయెను. 1822 సెప్టెంబరులో డేవిడ్ హేల్ న్యుమోనియాతో మరణించెను. అప్పటికి పెద్దబిడ్డకు ఏడేండ్లు. ఐదవ బిడ్డ విలియము తండ్రి మరణించిన రెండు వారములకు పుట్టెను. సారా ఆనాడు కట్టిన నల్లని దుస్తులను మఱి విడువలేదు. తరువాతి కాలమున ఆమె దేశపు స్త్రీల వేషధారణలను చిత్రించు గొప్ప పత్రికకు సంపాదకురాలై, రంగురంగుల బొమ్మలను నెలనెల అచ్చు వేయించినను, తాను మాత్రము ఏబదియాఱేండ్లు నల్లని దుస్తులతోనే తిరిగెను.

ఆస్తి ఏమియు లేదు. భర్త స్నేహితులు సహాయము చేసిరి. మఱదలితో కలిసి స్త్రీల టోపీలు కుట్టు దుకాణము పెట్టెను. ఆ పని ఆమెకు చేతకాలేదు. చంటిబిడ్డను ప్రక్కను పెట్టుకొని రాత్రులు వ్రాయుటకు పూనుకొనెను. 1823లో చిన్న పద్యసంపుటియు, 1827లో నార్త్‌వుడ్ అను నవలయు వెలువడినవి. ఆ నవలలోని కథను ఇక్కడ కొంచెము చెప్పక తప్పదు. న్యూ హాంప్‌షైరులోని ఒక రైతు తన బాలుని, సంతానము లేని దక్షిణ దేశపు బంధువుల యింట పెరుగుటకు పంపివేయును. ఆ బాలుడు ఎన్నో యేండ్ల తరువాత యువకుడై పుట్టినింటికి తిరిగివచ్చును. ఆ కాలము కృతజ్ఞతా పండుగ కాలము. ఒక అధ్యాయమంతయు ఆ పండుగ భోజనమునకే కేటాయింపబడినది. బల్లపై ఏ పాత్ర ఎక్కడ నుండెనో, ఏ వంటకము ప్రక్కను ఏది నిలిచెనో సహా రచయిత్రి వర్ణించెను. ఆకలి యెఱిగిన చేతులు వ్రాసినదది.

నవల ప్రచురింపబడిన వెంటనే బోస్టను నగరమునుండి పిలుపు వచ్చెను. ఎపిస్కోపలు సంఘపు బోధకుడైన జాన్ లారిస్ బ్లేక్ స్త్రీల కొఱకు మాసపత్రిక యొకటి స్థాపింపబూనుకొని, దానికి ఆమెను సంపాదకురాలిగా కోరెను. జీతము దొరకును, పిల్లలను చదివింపవచ్చును. కాని ఐదుగురిని వెంటబెట్టుకొని నగరమున బ్రదుకుట సాధ్యము కాదు. 1828లో ఆమె చిన్నవాడైన విలియమును మాత్రము ఎత్తుకొని, తక్కిన నలుగురిని బంధువుల యిండ్లలో విడిచి బోస్టనుకు బయలుదేరెను. తన నవలలో కల్పించిన ఎడబాటు ఒక్క యేడు తిరుగకమునుపే తన యింట జరిగెను. ఉధ్నా సోదరి ఈ కథను ఎందుకు తీసికొనెనో చదువరులకు ఇప్పుడు తెలిసియుండును.

బోస్టనులో ఆమెకు లోయెల్ మేసన్ పరిచయమాయెను. ఈయన పేరు కూడ మనవారికి తెలియకపోవచ్చును గాని, క్రిస్మసు దినమున లోకమంతట పాడబడు ఆంగ్ల సంతోషగీతపు రాగమును ఈనాటి రూపమున కూర్చినది ఆయనయే. సిలువ మోయవలసివచ్చినను దేవునికి మఱింత చేరువ కావలెనని కోరు ప్రసిద్ధ గీతమునకు బెథనీ యను రాగము కట్టినదియు ఆయనయే. బడిపిల్లలకు సంగీతము నేర్పవలెనని ఆయన పాటుపడుచుండెను. పిల్లల నోట నిలుచునట్టి చిన్న గీతములు వ్రాయుమని సారాను ప్రోత్సహించెను. 1830లో ఆమె బాలల గీతముల చిన్న పుస్తకము వెలువడినది. అందు గొఱ్ఱెపిల్ల గీతము ఒకటి. గొఱ్ఱెపిల్ల ఆ బాలికను ఎందుకింతగా ప్రేమించుచున్నదని తోటిపిల్లలు అడుగుదురు. ఆమె దానిని ప్రేమించుచున్నది గనుకనని గురువు చెప్పును. ఇంతే దాని సారము. మొదటి చరణములు వేఱొక యువకుడు వ్రాసెనను వాదము తరువాత లేచెను గాని, అది తన స్వంత రచనయేనని హేల్ కడవరకు చెప్పెను. బంధువుల యింట నలుగురు పిల్లలను విడిచిన తల్లి, వెంటనంటి వచ్చు గొఱ్ఱెపిల్లను గూర్చి వ్రాయునప్పుడు ఏమి తలంచెనో మనము ఊహింపవలసినదే.

ఆ కాలమున బోస్టనులో పిల్లలకు ప్రియమైన పత్రిక యొకటి యుండెను. దాని స్థాపకురాలు లిడియా మరియా చైల్డ్. ఆమె 1833లో నీగ్రో బానిసల పక్షమున ధైర్యముగా ఒక గ్రంథము వ్రాసెను. ధనవంతులు కోపగించి చందాలు మానివేసిరి. పత్రిక ఆమె చేజారెను. 1834లో ఆ పత్రికను చేపట్టినది హేల్. ఇది చట్టవిరుద్ధము కాదు, ద్రోహమును కాదు. అయినను, ఒక సోదరి సత్యము కొఱకు పోగొట్టుకొనిన కుర్చీలో కూర్చుండునప్పుడు మనస్సు కొంచెమైనను కలుక్కుమనవలసినదే. హేల్ బానిసత్వమును ఇష్టపడలేదు. కాని దానిని వెంటనే రద్దుచేయుటకు పోరాడిన వారితో ఆమె చేరలేదు. విడుదల పొందిన నల్లజాతివారిని ఆఫ్రికాకు పంపుట మేలను తలంపును ఆమె సమర్థించెను. స్త్రీలకు చదువు కావలెనని జీవితమంతయు పోరాడి, స్త్రీలకు ఓటుహక్కు కావలెననిన మాత్రము వలదనెను. భక్తుల చరిత్ర వ్రాయునప్పుడు ఇట్టి సంగతులు తొలగించుట మన పత్రికలలో వాడుకయై పోయినది. పరిశుద్ధ గ్రంథము దావీదును గూర్చి అట్లు చేయలేదు.

చందాలు కోల్పోయిన ఆ లిడియా చైల్డే 1844లో కృతజ్ఞతా దినమును గూర్చి పిల్లల కొఱకు ఒక గీతము వ్రాసెను. మంచుమీద జారు గుఱ్ఱపుబండిలో, నది దాటి, అడవి గడచి తాతగారి యింటికి పోవు బాలుని పాట యది. బాలుడు చలిని సహించుట, కుక్కలు మొఱుగుట, దూరమున ఇల్లు కనబడుట, ఇంతియే విషయము. చైల్డుకు సంతానము లేదు. అయినను ఆ పండుగను గూర్చిన బాలగీతములలో నేటికిని ఇంతగా పాడబడునది మఱియొకటి లేదు. ఇరువురు స్త్రీలు, ఒకరికొకరు భిన్నమైన మార్గములవారు, ఒకే తలంపు వ్రాసిరి: దూరమున నున్నవారు ఇంటికి చేరు దినము.

పిల్లల కథలలో ఇట్టిదే యింకొకటి లూయిసా మే ఆల్కాట్ 1881లో వ్రాసెను. అదియు న్యూ హాంప్‌షైరు కొండలలోని ఒక రైతు కుటుంబపు కథయే. పండుగకు ముందు, అవ్వకు జబ్బు చేసెనని కబురు వచ్చి తలిదండ్రులు వెళ్లిపోవుదురు. పిల్లలు తామే వంటకు పూనుకొని, కోడిలో కూరవలసిన సువాసన ఆకులకు బదులు చేదు మూలికలు కూరుదురు. ఉధ్నా సోదరి ఈ కథను కూడ చెప్పెనట. తల్లి మగ్గము పనికి పోయినప్పుడు అన్నము వండి మాడ్చిన పిల్లలు ఆ బడిలో ఎందరో యుండుటచేత అది బాగుగ నవ్వు పుట్టించెనని తెలిసినది.

బోస్టనులో హేల్ చేసిన మఱియొక పని ఉధ్నావారికి ప్రత్యేకముగా చెప్పదగినది. ఓడపని వారి భార్యలును, విధవరాండ్రును ఆ రేవున దిక్కులేక బ్రదుకుచుండిరి. వారు నావికుల బట్టలు కుట్టిన యెడల వర్తకులు ఇచ్చు కూలి గంజికి కూడ చాలదు. 1833లో హేల్ నాయకత్వమున నావికుల సహాయ సంఘము ఏర్పడెను. భిక్ష పెట్టుటకంటె న్యాయమైన కూలి ఇచ్చుట మేలని ఆమె తలంచెను. సంఘమువారే దుకాణము తెఱచి, ఆ స్త్రీలచేత బట్టలు కుట్టించి, తగిన కూలి చెల్లించిరి. వారి పిల్లలకు బడియు పెట్టిరి. గజముల లెక్కన కూలి తీసికొను నేతవారికి ఈ సంగతి వేఱుగా వివరింపనక్కరలేదు.

1837లో ఫిలడెల్ఫియా నగరపు ప్రచురణకర్త లూయీ గోడే తన స్త్రీల పత్రికకు ఆమెను సంపాదకురాలిగా తీసికొనెను. కాని విలియము హార్వర్డు కళాశాలలో చదువు ముగించువరకు ఆమె బోస్టను విడువనని చెప్పి, 1841వరకు అక్కడినుండియే పని జరిపెను. నలుగురిని ఒకప్పుడు విడిచిన తల్లి ఈ ఒక్కని విడువలేదు. ఆ పత్రిక 1860 ప్రాంతమున ఒక లక్షా ఏబది వేల ప్రతుల వరకు అచ్చుపడుచుండెను. ఆనాటి అమెరికాలో అంత వ్యాప్తిగల పత్రిక అరుదు.

ఆ పత్రిక చేతనుండగా ఆమె 1846లో ఒక పనికి పూనుకొనెను. కృతజ్ఞతా దినము అప్పటివరకు ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క దినమున జరుగుచుండెను. దక్షిణ రాష్ట్రములు అనేకము దానిని ఎఱుగనే యెఱుగవు. 1789లో అధ్యక్షుడు వాషింగ్టన్ ఒకమారు దేశమంతటికి ప్రకటించినను అది ఏటేట నిలువలేదు. నవంబరు నెల చివరి గురువారమున దేశమంతయు ఏకముగా దేవుని స్తుతింపవలెనని ఆమె కోరిక. ఏటేట పత్రికలో సంపాదకీయము వ్రాసెను. అంతటితో నిలువక ఒక్కొక్క గవర్నరుకు స్వయముగా లేఖలు వ్రాసెను. టేలరు, ఫిల్మోరు, పియర్సు, బుకానను అను నలుగురు అధ్యక్షులు వరుసగా వచ్చి వెళ్లిరి. వారిలో ఒక్కరును ప్రకటన చేయలేదు. గవర్నరులు మాత్రము ఒక్కొక్కరుగా ఒప్పుకొనసాగిరి. దేశము ఉత్తర దక్షిణములుగా చీలిపోవు సూచనలు కనబడినప్పుడు, ఒకే దినమున ఒకే దేవునికి కృతజ్ఞతలు చెల్లించు ప్రజలు ఒకరినొకరు చంపుకొనజాలరని ఆమె ఆశించెను. ఆ యాశ నెఱవేరలేదు. 1861 ఏప్రిలులో అంతర్యుద్ధము ప్రారంభమాయెను.

ఆమె అప్పటికి డెబ్బది దాటిన ముదుసలి. మఱియొకరైనచో ఇక ఈ కాలమున కృతజ్ఞతలేమని కలము క్రింద పెట్టియుందురు. 1863 జూలైలో గెటీస్‌బర్గు రణభూమిలో మూడు దినములలో వేలకొలది యువకులు కూలిరి. ఆ సెప్టెంబరు 28వ తేదీన హేల్ అధ్యక్షుడు అబ్రహాము లింకనుకు లేఖ వ్రాసెను. లింకను తానును దుఃఖములో నుండెను. అంతకు ముందటి యేడు ఆయన పదునొకండేండ్ల కుమారుడు విల్లీ అధ్యక్ష భవనమునందే జ్వరముతో మరణించియుండెను. లేఖ చేరిన కొలది దినములకే, అక్టోబరు 3వ తేదీన, ప్రకటన వెలువడెను. విదేశాంగ మంత్రి సీవార్డు దానిని వ్రాసెను. నవంబరు చివరి గురువారమున కృతజ్ఞతాస్తుతులు చెల్లింపవలెననియు, విధవరాండ్రను, తండ్రిలేని బిడ్డలను, దుఃఖించువారిని దేవుని కనికరమునకు అప్పగింపవలెననియు, దేశముయొక్క గాయములు మానునట్లు ప్రార్థింపవలెననియు అందున్నది. ఆ యేడు నవంబరు 26వ తేదీన ఆ దినము ఆచరింపబడెను. అటుపిమ్మట ఒక్క యేడైనను తప్పలేదు. 1941లో అమెరికా శాసనసభ నవంబరు నాలుగవ గురువారముగా దానిని స్థిరపఱచెను.

నలువది యొక్క సంవత్సరముల వెనుక ఐదుగురు తండ్రిలేని బిడ్డలతో మిగిలిన స్త్రీ కోరిన పండుగ గనుకనే అందు విధవరాండ్ర ప్రస్తావన వచ్చెనని నేను చెప్పజాలను. యుద్ధమే దానికి చాలును. కాని నిండిన గాదెలను చూచి పుట్టిన పండుగ కాదది, ఖాళీ కుర్చీలున్న బల్లయొద్ద కూర్చుండి పుట్టినది. ఉధ్నాలో పొలము లేదని దిగులుపడిన సోదరికి నేను చెప్పినది ఇదే.

మన తెలుగు సంఘమునకు ఆమెతో నున్న సంబంధము మఱియొకటి కలదు. అది మనవారికి అంతగా తెలియదు. పురుష వైద్యులు అడుగు పెట్టరాని అంతఃపురములలో స్త్రీలు మందు లేక మరణించుచున్నారని తూర్పు దేశముల వార్తలు చదివిన హేల్, వైద్యము నేర్చిన స్త్రీలను మిషనెరీలుగా పంపవలెనని వాదించెను. 1850లో ఫిలడెల్ఫియాలో స్త్రీల వైద్య కళాశాల స్థాపింపబడినప్పుడు తన పత్రిక ద్వారా దానిని బలపఱచెను. 1851లో ఇట్టి వైద్యురాండ్రను పంపుటకు ఆ నగరమున స్త్రీల సంఘమొకటి ఏర్పడుటలో ఆమె పాలుపొందెను. కాని అవివాహితలైన స్త్రీలను అంత దూరము పంపుటకు ఆనాటి మిషను బోర్డులు సిద్ధముగా లేవు. ఆ యత్నము ఫలింపలేదు. పదునెనిమిదేండ్ల తరువాత, 1869లో, ఆ కళాశాలలోనే క్లారా స్వెయిన్ పట్టము పుచ్చుకొని, 1870లో బరేలీ చేరెను. భారతదేశమునకు వచ్చిన మొదటి మిషనెరీ వైద్యురాలు ఆమెయే.

1879లో ఆ కళాశాలనుండియే ఆన్నా కుగ్లరు వైద్యురాలాయెను. ఆమె 1883లో గుంటూరునకు వచ్చెను. ఆమెను పంపిన లూథరను స్త్రీల సంఘము వైద్యసేవకు అప్పటికింకను సమ్మతింపనందున, ఆమె మొదట ముస్లిము స్త్రీలకు చదువు చెప్పు పనిమీదనే వచ్చెను. రోగులు ఆమెను విడువలేదు. 1885 చివరను ఆమెను వైద్య మిషనెరీగా నియమించిరి. 1898లో గుంటూరున స్త్రీల ఆసుపత్రి తెఱవబడెను. 1930లో ఆమె గుంటూరుననే కన్నుమూసెను. ఆ ఆసుపత్రిలో పుట్టిన మన తల్లులు, అమ్మమ్మలు ఎందరో!

కుగ్లరు పట్టము పుచ్చుకొనిన ఆ 1879లోనే, ఏప్రిలు 30వ తేదీన, సారా హేల్ ఫిలడెల్ఫియాలో తన తొంబదవ యేట ప్రభువునందు నిద్రించెను. 1877 డిసెంబరువరకు, అనగా ఎనుబదితొమ్మిదేండ్ల ప్రాయమువరకు, ఆమె సంపాదకత్వము విడువలేదు. ఆ సంవత్సరముననే థామస్ ఎడిసన్ తాను నూతనముగా కనిపెట్టిన ఫోనోగ్రాఫు యంత్రమును పరీక్షింపదలచి, నోటికి వచ్చిన మాటలు పలికెను. అవి గొఱ్ఱెపిల్ల గీతపు మాటలే.

ఉధ్నా ఆదివార బడిలో సోదరి ఈ కథ చెప్పి ముగించినప్పుడు పిల్లలు లింకనును గూర్చి అడుగలేదట, టర్కీ కోడిని గూర్చి కూడ అడుగలేదట. ఆ యైదుగురు పిల్లలు మరల అమ్మయొద్దకు చేరిరా అని ఒక బాలిక అడిగెనట. నాకు తెలిసినంతవరకు జవాబు వ్రాసి పంపితిని. పెద్దవాడు డేవిడ్ సైన్యమున చేరి 1839లో యౌవనముననే మరణించెను. హొరేషియో ఓడలమీద లోకము చుట్టివచ్చి, భాషలను పరిశోధించు పండితుడై, కెనడాలో స్థిరపడెను. చంటిబిడ్డగా తల్లి వెంట బోస్టనుకు పోయిన విలియము టెక్సాసులో న్యాయవాది యాయెను. కుమార్తె సారా ఫిలడెల్ఫియాలో బాలికల పాఠశాల నడిపి, తల్లి బ్రతికియుండగానే గతించెను. ఫ్రాన్సిస్ ఒక వైద్యుని వివాహమాడెను. తల్లి కడపటి యేండ్లు ఆ కుమార్తె యింటనే, మనుమలు మనుమరాండ్ర సందడి నడుమ గడచెను. ఐదుగురును ఒక్క బల్లయొద్ద మరల కూర్చుండిన పండుగ యేదైన నుండెనో లేదో ఆ బాలికకు నేను చెప్పలేకపోతిని.

పండుగనాడు ఆ బడి పిల్లలు దోసెడేసి బియ్యమును, తలిదండ్రుల కూలిలోనుండి తీసిన నాణెములును తెచ్చిరట. వాటితోకూడ ఒక్కొక్కరు ఊరిలో నున్న అక్కకో తమ్మునికో తెలుగులో వ్రాసిన కార్డు తెచ్చి, ప్రార్థన జరుగువరకు బియ్యపు పళ్లెము ప్రక్కను ఉంచి, సాయంకాలము తపాలా పెట్టెలో వేసిరట.